వంటగట్టు ఎత్తెంత?

ఆ ఎండాకాలమంతా మా వంటింట్లో ఎండే. గోడలు లేవు, కప్పు లేదు. ఉన్నదల్లా ఎర్రమట్టి మీద ముగ్గుపిండి గీతలు.

మేడ్చల్ దాటాక అత్వెల్లిలో నాన్న ఎప్పుడో కొని వదిలేసిన స్థలం అది. రిటైరయ్యాక ఇక ఇల్లు కట్టాల్సిందేనని పట్టుబట్టారు. ఉగాది వెళ్ళిన ఆదివారం మా అందరినీ అక్కడికి తీసుకెళ్ళి, ముగ్గుపిండి సంచి మూతి విప్పారు.

"కాగితం మీద గీస్తే మీ అమ్మకి అర్థం కాదు. నిజం చెప్పాలంటే నాకూ కాదు. నేల మీద గీస్తే లోపల నడిచి చూసుకోవచ్చు. వానలు పడేలోపు మేస్త్రీ వచ్చి అసలు ముగ్గు పోస్తాడు. ఈలోపు మనం ఎన్నిసార్లు గీసి చెరిపినా అడిగేవాడు లేడు" అన్నారు.

నాన్న పేరు యజ్ఞనారాయణ. తణుకు నుంచి వచ్చి కుత్బుల్లాపూర్‌లో మందుల ఫ్యాక్టరీలో చేరి, సర్వీసంతా అద్దె ఇళ్ళలోనే గడిపారు. ఇల్లు అనగానే ఆయనకు ముందు కనిపించింది వీధి అరుగు. దారినపోయేవాళ్ళు కాసేపు కూర్చోవాలట, మంచినీళ్ళు అడగాలట. శామీర్‌పేట దగ్గర ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు సుధీర్, ఇంకా కొనని కారుకు చోటు గీశాడు. వాడి భార్య శ్రీదివ్య కాళ్ళు చాపుకుని కూర్చుని టీ తాగేంత వెడల్పుగా కిటికీ గట్టు కావాలంది. మా అమ్మ లక్ష్మీకాంతమ్మ మాత్రం ఎవరి మాటా వినకుండా ఈశాన్యంలో దేవుడి గది గీసి, అందులో నిలబడి ఒక దణ్ణం కూడా పెట్టేసుకుంది.

అప్పుడే పక్క పొలంలోంచి గేదెల్ని తోలుకుంటూ ఒకామె వచ్చింది. సిద్దమ్మ. తర్వాత మాకు బాగా దగ్గరైంది గానీ, ఆ రోజు మమ్మల్ని చూసి నవ్వాపుకోలేకపోయింది.

"ఏంది అక్కా గిది? పెండ్లా, పేరంటమా? గింత ముగ్గెందుకు ఏస్తున్రు?"

"ఇల్లమ్మా. ఇల్లు కడుతున్నాం" అన్నారు నాన్న.

"ఏదీ, జర సూడనియ్యి" అంటూ సిద్దమ్మ చెప్పులతో నేరుగా నడిచొచ్చింది. అమ్మ కెవ్వుమంది.

"అయ్యయ్యో, దేవుడి గదమ్మా అది! గోడలోంచి వచ్చేశావు!"

సిద్దమ్మ నాలుక కరుచుకుని వెనక్కి వెళ్ళి, చెప్పులు గీతల బయట విడిచి, "గిదేనా దర్వాజ?" అని అడిగి మరీ గుమ్మంలోంచి లోపలికొచ్చింది. ఆ తర్వాత ఎవరూ గోడలు దాటలేదు. సుధీర్ కూడా ఫోన్ వస్తే హాల్లోంచి తలుపు దాకా నడిచే బయటికి వెళ్ళేవాడు.

అందరివీ అయ్యాక నా గది సంగతి వచ్చింది. నన్నెవరూ అడగలేదు. అమ్మే చెప్పింది. "అమ్మడి గది మా గది పక్కన. మధ్యలో తలుపు. రాత్రి పిలిస్తే వినపడాలి."

అమ్మడు అంటే నేను. నా పేరు హరిచందన, సుధీర్ కంటే పెద్దదాన్ని, ముప్పై దాటాయి. నా ఎత్తు మూడడుగుల ఏడంగుళాలు. పుట్టుకతో వచ్చిన ఎముకల తీరు అది. ఎదగాల్సినంతా ఎప్పుడో ఎదిగేశాను. మా అద్దె ఇంట్లో నా ఎత్తుకు తగ్గవి రెండే: చెప్పుల స్టాండు, గ్యాస్ బండ. స్విచ్చులు, గడియలు, కుళాయిలు, పోపుల డబ్బా అన్నీ ఇంకెవరికోసమో పెట్టినవి. నేను చెయ్యి చాపేలోపే అమ్మ వచ్చి అందించేది. విసుక్కుంటూ కాదు, ప్రేమగానే. అందుకే ఏమీ అనలేకపోయేదాన్ని.

ఆ ఆదివారం మాత్రం వంటింటి గీతల మధ్య నిలబడి అడిగాను. "అమ్మా, ఇక్కడ వంటగట్టు ఎత్తెంత?"

"మామూలే. నా నడుం దాకా."

"కొంచెం తక్కువ ఎత్తులో ఇంకొక గట్టు కట్టించకూడదా?"

అమ్మ నవ్వి నా తల నిమిరింది. "నీకెందుకే పొయ్యి దగ్గర? నేనున్నానుగా."

నాన్న అప్పటికే అరుగును ఇంకాస్త పొడిగిస్తున్నారు. మాట అక్కడితో ఆగిపోయింది.

నేను మేడ్చల్‌లో ఒక విత్తనాల కంపెనీలో పనిచేస్తాను. సంచుల్లోంచి తీసిన గింజల్ని తడి కాగితాల మీద మొలకెత్తించి, ఏ సరుకు రైతు దగ్గరికి వెళ్ళాలో, ఏది వెనక్కి పోవాలో తేల్చే ల్యాబు మాది. అక్కడ నా బల్ల నా ఎత్తుకే ఉంటుంది. చేరిన కొత్తలోనే చేయించారు. దాని ముందు నిలబడితే చేతులు వాటంతట అవే పనిలో పడతాయి. వెనకాల రెండు చిన్న చక్రాలు అదనంగా బిగించిన నా స్కూటీ మీద రోజూ కుత్బుల్లాపూర్ నుంచి హైవే పట్టుకుని వెళ్ళొస్తాను. హైవే మీద లారీలకు భయపడని దాన్ని ఇంటికొచ్చి పొయ్యి వెలిగించలేను. ఆ సంగతి నాకే విచిత్రంగా ఉండేది.

ఇల్లు గీసిన కబుర్లన్నీ నాతో పనిచేసే రోజారాణికి చెప్పాను. ఆమె మేడ్చల్ మనిషే. గింజలు పరుస్తూనే విని, "మేడం, మా ఇంటెనక రూమ్ ఖాళీగనే ఉన్నది. మా అత్త నిలవడలేకపోయేది, కూసొని వండుకునేది. గట్టు, నల్లా అన్ని కిందికే పెట్టిచ్చినం. ఇప్పుడామె మా మరిది కాడికి వోయింది. ఒక్కసారి సూడరాదు?" అంది.

సాయంత్రం వెళ్ళి చూశాను. చిన్న గది, బయట సన్నజాజి తీగ. గట్టు ముందు నిలబడి చెయ్యి చాపాను. నల్లా అందింది, తిప్పాను. నీళ్ళొచ్చాయి. రోజారాణి మరేదో చెబుతోంది గానీ నేను వినలేదు. ఆపి మళ్ళీ తిప్పాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను, మేడ్చల్‌లో గది తీసుకుందామనుకుంటున్నానని.

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. సుధీర్ ఏదో అనబోతే శ్రీదివ్య మోకాలితో తట్టింది. అమ్మ అడిగింది, "ఏం తక్కువ చేశామే నీకు?"

"తక్కువ చెయ్యలేదమ్మా. ఎక్కువే చేశారు."

"కొత్తిల్లు కడుతున్నది ఎవరికోసం మరి?"

"ఆ ఇంట్లో కూడా నేను మంచినీళ్ళు అడిగే తాగాలి."

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వారం నాతో మాట్లాడలేదు. కానీ రోజూ పొద్దున నా నీళ్ళ సీసా నాకు అందేచోట బల్ల చివర ఉండేది, నిండుగా. ఆ సీసాను చూస్తేనే ఎక్కువ బాధేసేది.

మాటల్లేని ఆ వారంలోనే ఒకరోజు క్యారేజీ ఇంట్లో మర్చిపోయి వచ్చాను. మధ్యాహ్నం ఒక పెద్దమనిషి ల్యాబుకు వచ్చాడు, తను పండించి పంపిన వరి విత్తనాన్ని మేము వెనక్కి పంపేశామని. ఆరడుగుల మనిషి. మొదట నిలబడే గట్టిగా మాట్లాడాడు. మొలక ట్రేలు ఒక్కొక్కటీ తీసి చూపించాను. వేరు రానివి, వచ్చి మురిగినవి. "మీ పొలంలో మీరు చల్లుతారా వీటిని?" అని అడిగాను. ఆయన ఎదురుగా ఉన్న పొట్టి స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీరన్నట్టే కానియ్యండి మేడం. ఈసారి మంచి సరుకు చూసి పంపుత" అన్నాడు.

ఆయన వెళ్ళాక చూస్తే గుమ్మం దగ్గర రోజారాణి పక్కన అమ్మ నిలబడి ఉంది. చేతిలో నా క్యారేజీ. మేడ్చల్ బస్సెక్కి వచ్చిందట. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

నా దగ్గరికి వచ్చి, బాగా వంగి క్యారేజీ బల్ల మీద పెట్టింది. నడుం పట్టుకుని లేచి, బల్లకు ఆనుకుని ఒక క్షణం నిలబడింది. కుచ్చిళ్ళ దగ్గర చీర ఏదో సర్దుకుంది. చుట్టూ ఒకసారి చూసింది.

"చల్లారకముందే తిను" అని వెళ్ళిపోయింది. మాట్లాడింది కదా అని నాకు సంతోషమేసింది. అంతకు మించి ఏమీ తోచలేదు.

ఆ ఆదివారం స్థలం దగ్గరికి బయల్దేరుతుంటే అమ్మ చేతిలో మామూలు కంటే పెద్ద సంచి ఉంది. అక్కడికి చేరగానే, గాలికి చెదిరిన ముగ్గు నాన్న మళ్ళీ గీస్తుండగా, సుధీర్‌ని పిలిచింది.

"సిద్దమ్మ వాళ్ళ కొట్టం దగ్గర ఇటుకలున్నాయి. అడిగి పట్రా. ఓ కడప బండ కూడా ఉంది, అదీ తీసుకురా."

వాడు, నేను, సిద్దమ్మ భర్త సిద్దయ్య కలిసి మోశాం. అమ్మ వంటింట్లో, ఆగ్నేయం మూల నిలబడి ఇటుకలు పేర్పించడం మొదలుపెట్టింది. రెండు వరసలుగా లేస్తున్నాయి. ప్రతి ఇటుకకూ అమ్మ దగ్గరికొచ్చి వరస ఎత్తును తన కాలితో పోల్చి చూసుకుంటోంది. ముందు గమనించింది శ్రీదివ్య.

"అత్తయ్యా, అక్కడ పిన్నీసెందుకు పెట్టుకున్నారు?"

చూశాను. మొన్న ల్యాబుకు కట్టుకొచ్చిన నేత చీరే అది. తొడ దగ్గర, దేన్నీ పట్టి ఉంచకుండా, ఒంటరిగా ఒక పిన్నీసు.

"ఉండనీ" అంది అమ్మ. అంచు సరిగ్గా నేలకు తగిలేలా చీర సర్దుకుని, "ఇంకొకటి పెట్టరా సుధీ. ఆఁ, చాలు. ఇక బండ వెయ్యండి" అంది.

బండ పైభాగం పిన్నీసుకు సరిగ్గా తగిలింది. అమ్మ పిన్నీసు తీసి గాజులకు తగిలించుకుంది. నావైపు చూడకుండానే సంచిలోంచి చిన్న గ్యాస్ పొయ్యి తీసి బండ మీద పెట్టింది. ఆ తర్వాత గిన్నెలు, కందిపప్పు, టమాటాలు, పోపుల డబ్బా.

"ఇక్కడ ఎండగా ఉంది. నేను అరుగు మీద కూర్చుంటా" అని వెళ్ళి నాన్న గీసిన అరుగు మీద చాప పరుచుకుంది.

నేను వెళ్ళి గట్టు ముందు నిలబడ్డాను. నా బల్ల ఎత్తే. వెంట్రుకవాసి తేడా లేదు.

వంట నాకు అసలు రాదు. చూసింది ఎక్కువ, చేసింది సున్నా. పప్పు కడిగి పొయ్యి మీద పెట్టాను. టమాటాలు కోస్తుంటే రసమంతా మోచేతుల దాకా కారింది. నూనె కాగకముందే ఆవాలు వేశాను, అవి చిటపటమనకుండా మునిగి కూర్చున్నాయి. ఆ తర్వాత వేసిన ఎండుమిరప ఒక్కసారిగా మాడి, ఘాటుకు అందరం దగ్గాం. సిద్దమ్మ గేదె కూడా తుమ్మింది.

అరుగు మీద అమ్మ రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుని కూర్చుంది. "కరివేపా..." అని సగంలో ఆపి పెదాలు మూసుకుంది. నాన్న ఆమె భుజం మీద చెయ్యి వేసి, "లక్ష్మీ, నువ్వు అటు తిరిగి కూర్చో" అన్నారు. అమ్మ నిజంగానే అటు తిరిగింది. కాసేపటికి మళ్ళీ ఇటు తిరిగింది.

అందరికీ నేనే వడ్డించాను. సిద్దమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసింది.

"ఉప్పు జర గట్టిగనే వడ్డది బిడ్డా. ఇగ ఇయ్యాల మా బర్రెకు నీళ్ళు మిగలయి, నేనే తాగుత మొత్తం."

అందరం పడీపడీ నవ్వాం. అమ్మ కూడా. నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటే, మిరపకాయ ఘాటనుకుని నాన్న మజ్జిగ అందించారు.

ఆ మధ్యాహ్నం నుంచి మా ఇల్లు మారడం మొదలుపెట్టింది. సుధీర్ మోకాళ్ళ మీద నడుస్తూ ఇల్లంతా తిరిగొచ్చి, ప్యాంటు నిండా ఎర్రమట్టితో, "అక్కా, ఇక్కడినుంచి చూస్తే ఏదీ అందదే! ఇన్నేళ్ళు ఎలా ఉన్నావే?" అన్నాడు. లేని గోడల మీద స్విచ్చులన్నీ కిందికి దించేశాడు. శ్రీదివ్య తన కిటికీ గట్టును కిందికి జరిపి, "వదినా, ఇప్పుడు మనిద్దరికీ సరిపోతుంది. మీరటు, నేనిటు" అంది. నాన్న వీధి తలుపు దగ్గర చాలాసేపు గొంతుక్కూర్చుని, వచ్చినవాళ్ళను చూడటానికి తలుపుకు ఒక కన్ను కాదు, రెండు ఉండాలని తీర్మానించారు. ఒకటి పైన, ఒకటి కింద. "బెల్లు మోగితే ఎవరు ముందెళ్తే వాళ్ళు చూస్తారు" అన్నారు, అదేదో లోకమంతా చేసే పనైనట్టు.

అందరూ తలో మూల ఉండగా అమ్మ ఒక్కతే తన గదికీ నా గదికీ మధ్య నిలబడి ఉంది. వంగి చూసింది. తర్వాత కాలితో ఆ తలుపు గుర్తును చెరిపి, చేత్తో పిండి తీసుకుని గోడగీతను కలిపేసింది.

"ఈ తలుపెందుకులే" అంది ఎవరితోనో అన్నట్టు. "నీ గది ముందుకి జరుపుకో. అరుగు వైపు గుమ్మం పెట్టుకో. నీకోసం ఎవరైనా వస్తే మా హాల్లోంచి రావాలా ఏంటి?"

నేను పిండి తీసుకుని నా గుమ్మం నేనే గీసుకున్నాను. గీత వంకరపోయింది. సుధీర్ వెక్కిరించాడు. ఎవరూ సరిచెయ్యలేదు.

వైశాఖం ఎండల్లో కూడా మేము మానలేదు. ప్రతి ఆదివారం గాలి ఇంటిని చెరిపేసేది, మేం వెళ్ళి మళ్ళీ గీసేవాళ్ళం. ఇటుకల గట్టు మాత్రం అలాగే ఉండేది. నా ఆవాలు చిటపటలాడటం నేర్చుకున్నాయి. సిద్దమ్మ తన మడిలోంచి పాలకూర, తోటకూర కోసుకొచ్చి, "ఏం వండుతున్నవ్ ఇయ్యాల?" అని నన్నే అడిగేది. గేదె దూడ మా హాలు మధ్యలో పడుకోవడం అలవాటు చేసుకుంది. దాన్ని లేపడం ఇష్టం లేక నాన్న సోఫా స్థలం మార్చారు.

ఒకరోజు సాయంత్రం తిరిగొస్తూ అమ్మ నా స్కూటీ వెనక కూర్చుంది. మేడ్చల్ చెక్‌పోస్టు దాటుతుండగా చెవి దగ్గర అడిగింది, "ఆ రోజారాణి వాళ్ళ గదికి కిటికీ ఉందా?"

"ఉందమ్మా. ఎందుకు?"

"ఇల్లయ్యేసరికి ఏడాది పడుతుంది. అందాకా ఆగుతావా ఏంటి? వెళ్ళుండు. ఆదివారం ఒక్క పూట వండితే చెయ్యి తిరగదు." కాస్త ఆగి, "కిటికీకి దోమల జాలీ కొట్టించు. లేకపోతే నేను వచ్చి కొట్టిస్తా... కాదు, నువ్వే కొట్టించుకో" అంది.

స్కూటీ పక్కకు తీసి ఆపాను. వెనక్కి తిరగకుండానే నా నడుం చుట్టూ ఉన్న అమ్మ చెయ్యి పట్టుకున్నాను. "పద పద, లారీలొస్తున్నాయి" అని ఆమె నా భుజం తట్టింది.

మృగశిర ముందు ఒక మంచిరోజున గాలయ్య మేస్త్రీ వచ్చాడు. పూజ అయ్యాక దారాలు కట్టి, అసలు ముగ్గు పోశాడు. మా చేతివంకరలు లేని తిన్నని గీతలు. అమ్మ ప్రతి గదిలోనూ పసుపు కుంకుమ చల్లింది. మేస్త్రీ అడిగాడు, "వంటింట్ల గట్టు ఎంత ఎత్తు పెట్టమంటరు అమ్మా?"

"రెండు గట్లు బాబూ. ఒకటి నాకు. రెండోదాని కొలత హరిచందన చెబుతుంది, ఆవిణ్ణి అడుగు."

అమ్మ నోట నా పూర్తి పేరు వినడం నాకు కొత్త. మేస్త్రీ నాకోసం చుట్టూ వెతికాడు. నేను అప్పటికే టేపు పట్టుకుని ఆయన పక్కన నిలబడి ఉన్నాను.

ఆ రాత్రే మొదటి వాన పడింది. గీతలన్నీ కొట్టుకుపోయాయని పొద్దున్నే సిద్దమ్మ ఫోన్ చేసింది. "పరేషాన్ కాకుండ్రి. మేస్త్రీ కొట్టిన మొలలు గట్లనే ఉన్నయి" అంది.

ఆ వారంలోనే నేను రోజారాణి వాళ్ళ వెనక గదిలోకి మారాను. తర్వాతి ఆదివారం అందరినీ భోజనానికి పిలిచాను. బయట సన్నగా తుంపర. సుధీర్, శ్రీదివ్య పుచ్చకాయ పట్టుకొచ్చారు. నాన్న గది నాలుగు గోడలూ తట్టి చూసి, గట్టిగానే ఉన్నాయన్నారు. అమ్మ మాత్రం గుమ్మంలోనే చెప్పులు విడిచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది.

"నేనేం చెయ్యనే?"

"కూర్చోమ్మా."

"మంచినీళ్ళు పెట్టనా?"

"కూర్చో."

కూర్చుంది. గట్టు దగ్గరికీ చాప దగ్గరికీ తిరుగుతూ అందరికీ వడ్డించాను. ముద్దపప్పు, బెండకాయ వేపుడు, చారు. అమ్మ పప్పన్నం తింది, ఏమీ అనలేదు. వేపుడు తింది, ఏమీ అనలేదు. చారు పోసుకుని రెండు ముద్దలు తిన్నాక చెయ్యి ఆపింది. ఉప్పా, పులుపా, ఏది తేడా వచ్చిందో తెలియలేదు.

అమ్మ కంచం నావైపు జరిపింది.

"ఇంకాస్త అన్నం పెట్టి చారు పొయ్యి" అంది. "అడిగించుకోకూడదే. ఇంటికొచ్చినవాళ్ళకి నువ్వే చూసి వడ్డించాలి."